తొమ్మిది ట్యాంకుల తీర్పు

"లీటరుకు అరవై వస్తుంది సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు షోరూమ్ కుర్రాడు. కళ్ళు మూసుకునే తీసుకున్నాను. నెల తిరిగేసరికి ఆఫీసులో ఒకాయన "ఆ బండా? యాభై దాటదండీ, అంతా మోసం" అన్నాడు. ఆ మాట కూడా కళ్ళు మూసుకునే నమ్మేశాను. ఆ ఆదివారం ఇంటికొచ్చిన మా బావమరిది "అదేంటి బావా, నాకు డెబ్భై వస్తోందిగా" అన్నాడు. సరేనని తలూపాను.

ఆ రాత్రి పడుకున్నాక కాస్త సిగ్గేసింది. ఒకే రకం బండి గురించి నెల రోజుల్లో మూడు మాటలు విన్నాను, మూడూ నమ్మాను. బండి నాది, పెట్రోలు డబ్బులు నావి. లెక్క మాత్రం ఒక్కసారి కూడా వేయలేదు.

మీరు వేశారా? ఒక్క బండి గురించే అడగడం లేదు. ఆరు గంటలు బ్యాకప్ ఇస్తుందన్న ఇన్వర్టర్, ఏళ్ళ తరబడి వెలుగుతుందన్న బల్బు, మూడు నెలల్లో ఇంగ్లీషు నేర్పేస్తామన్న కోచింగ్ సెంటర్... కొనేముందు కంపెనీ మాట వింటాం, కొన్నాక పక్కింటాయన మాట వింటాం. మనంతట మనం తేల్చుకున్నది ఏదైనా ఉందా అని వెతికితే దొరకదు.

ఇలాంటి మాటల్ని తేల్చడానికి స్టాటిస్టిక్స్‌లో ఒక పద్ధతి ఉంది. హైపోథసిస్ టెస్ట్ అంటారు. డిగ్రీలో మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోయిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ బయటికి తీసింది పెట్రోలు బంకు.

ఒక్క మెతుకు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే. గిన్నెలో మెతుకులన్నిటికీ నీళ్ళు అవే, మంట అదే. అందుకే ఒక మెతుకు మిగతావాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. మనం ఆ సూత్రాన్ని వంటింట్లోంచి తెచ్చి ఊరంతటికీ అంటించాం. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి సోమవారం ఆలస్యంగా వస్తే "వీడింతే" అనేస్తాం. కొత్త కోడలు ఒకరోజు పప్పులో ఉప్పు ఎక్కువేసిందంటే, పాతికేళ్ళయినా పెళ్ళిళ్ళలో ఆ కథ నడుస్తూనే ఉంటుంది. మనుషులూ రోడ్లూ పెట్రోలు ట్యాంకులూ ఒకే మంట మీద ఉడకవు. ఒక రోజుకూ మరో రోజుకూ వాటిలో సహజంగానే తేడా ఉంటుంది. ఆ తేడా ఎంతో తెలుసుకోకుండా ఒక్క మెతుకు పట్టుకుని తీర్పు చెప్పడం చిలక జోస్యం కిందే లెక్క.

మా బావమరిది చెప్పిన డెబ్భై కూడా అలాంటి మెతుకే. గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, రెండేళ్ళ కిందట రాజమండ్రి వెళ్ళొస్తూ ఒకసారి చూశాడట. ఆ తర్వాత మళ్ళీ చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనుకునేవాడికి నాలుగో కాలు వెతకాల్సిన అవసరం ఏముంటుంది?

ముందే సంతకం

మర్నాడు పొద్దున ఒక తెల్లకాగితం తీసుకున్నాను. మొదట కంపెనీ మాటే నిజమనుకుంటాను, సగటు 60 వస్తుంది అని రాశాను. పుస్తకాల్లో దీన్ని శూన్య పరికల్పన అంటారు. కోర్టులో ముద్దాయిని నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగానే చూస్తారు కదా, ఇదీ అంతే. అనుమానం ఎంత ఉన్నా మొదటి కుర్చీ అవతలివాడి మాటకే వేయాలి. దాని కింద ఎదురు వాదన రాశాను: 60 కంటే తక్కువ వస్తోంది. ఎక్కువ వస్తే నాకేం గొడవ లేదు కాబట్టి ఆ వైపు చూడనక్కర్లేదు.

ఆ తర్వాత షరతులు. తొమ్మిదిసార్లు ఫుల్ ట్యాంక్ చేయించాలి. తొమ్మిదీ లెక్కలోకి రావాలి. వానపడిందని ఒకటి, హైవే మీద తిరిగానని మరొకటి తీసేయకూడదు. తొమ్మిది పూర్తయ్యేదాకా తీర్పు చెప్పకూడదు. ఒకవేళ కంపెనీ మాట నిజమే అయి ఉండి, నా ఖర్మకొద్దీ తక్కువ అంకెలే పడి, దాన్ని అన్యాయంగా తప్పుపట్టే ప్రమాదం నూటికి 5 మించకూడదు. ఈ 5 శాతం దేవుడు గీసిన గీతేమీ కాదు. రొనాల్డ్ ఫిషర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1925లో రాసిన పుస్తకంలో వీలుగా ఉంటుందని వాడాడు, లోకం దాన్నే పట్టుకుంది.

కింద తేదీ వేసి సంతకం చేశాను. మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి ఆ కాగితం చూసి, "బండితో కూడా అగ్రిమెంటా?" అంది.

అవును, అగ్రిమెంటే. కాకపోతే బండితో కాదు, నాతో. నన్ను అడిగితే ఈ పద్ధతి మొత్తంలో లెక్కల కంటే విలువైనది ఆ సంతకమే. ఏ అంకె చూస్తే నా అభిప్రాయం మార్చుకుంటానో, అంకె చూడకముందే ఒప్పుకున్నాను. మన వాదనలన్నీ ఎక్కడ చెడతాయో గమనించండి. ముందు ఫలితం చూస్తాం, తర్వాత దానికి తగ్గట్టు గీత గీస్తాం. బాణం దిగిన చోట చుట్టూ సున్నా చుట్టి "చూశారా నా గురి" అనే విలుకాడు మనందరిలోనూ ఉన్నాడు.

ఫిషర్ దీనికో కథ చెబుతాడు. ఆయన పనిచేసిన రోతమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒక మహిళ, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంది. మనమైతే నవ్వేస్తాం, లేదంటే అబ్బో అంటాం. ఫిషర్ రెండూ చేయలేదు. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా. కలగాపులగంగా ఇస్తే ఆమె ఆ నాలుగిటినీ ఏరాలి. ఎనిమిదిలోంచి నాలుగు ఏరడానికి 70 మార్గాలున్నాయి, గుడ్డిగా ఏరి నెగ్గే అవకాశం 70లో ఒకటి. ఇదంతా ముందే లెక్కగట్టి పెట్టుకోవాలంటాడు. 1935లో వచ్చిన తన పుస్తకంలో ఈ ప్రయోగాన్ని పేజీలకు పేజీలు వర్ణించాడు గానీ, చివరికి ఆవిడ నెగ్గిందో లేదో మాత్రం రాయలేదు. మొదట చదివినప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఎందుకు రాయలేదో అర్థమవుతోంది.

ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ తీసుకున్న తెలుగువాడు సి.ఆర్.రావు. ఆయన చిన్నప్పుడు చదివిన ఊళ్ళలో మా గన్నవరానికి దగ్గర్లోని నూజివీడు కూడా ఒకటి. హైపోథసిస్ పరీక్షల్లో ఆయన పేరుమీదే ఒక పరీక్ష ఉంది, రావు స్కోర్ టెస్ట్. 102 ఏళ్ళ వయసులో, 2023లో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. నూజివీడు పేరు చెబితే మామిడిపండు గుర్తొస్తుంది మనకి. ఈయన కూడా గుర్తొస్తే బాగుండును.

అంకెలు మాట్లాడిన మూడున్నర నెలలు

గన్నవరం నుంచి బెంజి సర్కిల్ దాకా వెళ్ళి రావడం రోజుకు దాదాపు 40 కిలోమీటర్లు. ప్రతిసారీ ఒకే బంకు, ఒకే పంపు. సెంటర్ స్టాండ్ వేసి, నాజిల్ దానంతటది ఆగిన చోటే ఆపించి, ట్రిప్ మీటర్ సున్నా చేసేవాణ్ణి. మళ్ళీ నింపించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడమే. ఒక్కోసారి దాదాపు ఏడు లీటర్లు పట్టేది.

మొదటి అంకె 54. ఆఫీసాయన గుర్తొచ్చాడు, వెంటనే ఫోన్ చేసి "మీరన్నట్టే మోసమండీ" అందామనిపించింది. రెండోది 58. మూడోది 61. అప్పుడు షోరూమ్ కుర్రాడి మీద జాలేసింది, పాపం నిజమే చెప్పాడు కదా అని. అక్కడితో ఆపేద్దామా అని కూడా అనిపించింది. జేబులో మడతపెట్టిన కాగితం ఆపనివ్వలేదు. నాలుగు 55, ఐదు 57. ఆరోసారి ఏలూరు రెండుసార్లు వెళ్ళొచ్చాను, నున్నటి హైవే, 60 వచ్చింది. ఏడోసారి వారం పాటు వాన, రామవరప్పాడు రింగు దగ్గర ఫస్ట్ గేరులో పాకడం, 53. ఈ ఏడోదాన్ని కొట్టేస్తే తప్పేముంది అని ఎంత లాగిందో మనసు! అలా అయితే ఏలూరు అంకెను కూడా కొట్టేయాలి కదా. రెండూ ఉంచాను. ఎనిమిది 59, తొమ్మిది 56.

మొత్తం 513, సగటు 57. కంపెనీ చెప్పినదానికి 3 తక్కువ.

చాలామంది ఇక్కడే ఆగి "చూశారా, అబద్ధం" అంటారు. ఆగకండి. అంకెలు 53 నుంచి 61 దాకా ఊగాయి. ఇంత ఊగే అంకెల సగటు ఒక 3 కిందికి జారడం మామూలు విషయమా, విశేషమా? దాన్ని తేల్చడానికి ప్రతి అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, వర్గం చేసి కూడితే 60 వచ్చింది. అంకెల సంఖ్య కంటే ఒకటి తక్కువైన 8తో భాగించి వర్గమూలం తీస్తే 2.74. ఒక్కో ట్యాంకు ఊగే కొలత అది, స్టాండర్డ్ డీవియేషన్. తొమ్మిది ట్యాంకుల సగటు అంత ఊగదు. తొమ్మిదికి వర్గమూలమైన మూడుతో భాగిస్తే 0.91. ఇప్పుడు మన 3ను ఈ 0.91తో భాగించండి, 3.29 దాకా వస్తుంది. అంటే కంపెనీ మాటకూ నా సగటుకూ ఉన్న దూరం, ఆ సగటు సహజంగా ఊగే కొలతకు మూడు రెట్ల పైమాటే.

తొమ్మిది అంకెలకు, 5 శాతం ప్రమాదం దగ్గర దాటాల్సిన గీత స్టాటిస్టిక్స్ పుస్తకాల పట్టికలో 1.86. నాది 3.29. దాటింది, బాగా దాటింది. కంపెనీ మాట నిజమే అయి ఉంటే, ఉత్త అదృష్ట దురదృష్టాల వల్ల సగటు ఇంత కిందికి రావడం వెయ్యింట ఐదారు సార్లకు మించి జరగదు.

అదే మూడో ట్యాంకు దగ్గర ఆపేసి ఉంటే? 54, 58, 61. సగటు 57.67. అక్కడ కూడా సగటు 60 కంటే తక్కువే. కానీ లెక్క వేస్తే 1.15 వస్తుంది, మూడు అంకెలకు దాటాల్సిన గీత 2.92. నేరం రుజువు కాలేదు. ఇక్కడ చాలామంది జారిపడతారు. రుజువు కాలేదంటే నిర్దోషి అని కాదు, నా దగ్గర సాక్ష్యం చాలలేదని. మూడు ట్యాంకుల సాక్ష్యానికి 3 కిలోమీటర్ల తేడాను పట్టుకునే బలం లేదు.

కొద్దిపాటి అంకెలతో ఇలా తీర్పు చెప్పే విద్యకు దారి వేసింది ఓ బీరు కంపెనీ ఉద్యోగి. పేరు విలియం గోసెట్, 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్‌లో చేరాడు. బార్లీ గింజల మీద ప్రయోగాలంటే వేలకొద్దీ నమూనాలు ఎక్కడొస్తాయి? చేతిలో ఉన్న నాలుగైదు అంకెలతోనే తేల్చాలి. ఆ లెక్కను కనిపెట్టి 1908లో అచ్చువేశాడు. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడం కంపెనీకి ఇష్టం లేదు, అందుకే "స్టూడెంట్" అని సంతకం చేశాడు. ఈనాటికీ దాని పేరు స్టూడెంట్ టీ టెస్టే. ఫిషర్ గారి టీకీ ఈ టీకీ సంబంధం లేదు లెండి.

గాలి ఎప్పుడు కొట్టించారు?

కాగితం పట్టుకుని నేరుగా మా మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. గెలిచిన లాయరులా ఉన్నాను. 3.29 అన్నాను, వెయ్యింట ఐదారు అన్నాను. అతను ఓపిగ్గా విని, వెనక టైరును బొటనవేలితో నొక్కి, "గాలి ఎప్పుడు కొట్టించారు సార్?" అన్నాడు.

గుర్తులేదు. గేజి పెట్టి చూస్తే ఉండాల్సిన గాలిలో మూడింట రెండు వంతులే ఉంది. చైనుకు నూనె లేదు. "క్లచ్ మీద వేళ్ళు పెట్టే తోల్తారుగా మీరు" అన్నాడు. అది కూడా నిజమే.

లెక్క తప్పలేదు. నా లెక్క చెప్పింది ఒక్కటే: నా రోడ్డు మీద, నా చేతిలో, ఈ స్థితిలో ఉన్న బండికి 60 రావడం లేదు. ఎందుకు రావడం లేదో అది చెప్పలేదు. కంపెనీ అబద్ధమాడిందని అసలే చెప్పలేదు, ఆ మాట నేను కలిపాను. మన దేశంలో బండ్ల ప్రకటనల్లో కనిపించే మైలేజీ తరచూ పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు పరీక్షించి ఇచ్చినది. బండిని రోలర్ల మీద ఎక్కించి, ఇన్ని సెకన్లు ఇంత వేగం అని ఒక క్రమంలో నడిపి కొలుస్తారు. అక్కడ రామవరప్పాడు రింగు ఉండదు, గాలి తగ్గిన టైరూ ఉండదు. వాళ్ళ మాట వాళ్ళ రోలర్ల గురించి, నా తీర్పు నా రోడ్డు గురించి. మనుషుల మధ్య సగం తగాదాలు ఇలాంటివే. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, వేర్వేరు రోడ్ల గురించి.

ఇంకో సంగతి కూడా ఆ రోజే లెక్కగట్టాను. మూడున్నర నెలల్లో సుమారు 3600 కిలోమీటర్లు తిరిగాను. 60 చొప్పున వస్తే 60 లీటర్లు, 57 చొప్పున 63 పైచిలుకు. లీటరు 110 రూపాయలు అనుకుంటే మొత్తం నష్టం 350 దాకా, నెలకు వంద రూపాయలు. వెయ్యింట ఐదారు అంటూ ఊగిపోయింది ఈ వందకా? తేడా ఉందని రుజువు కావడం వేరు, ఆ తేడాకు వీధికెక్కేంత విలువ ఉండటం వేరు. మొదటిది టీ టెస్టు చెబుతుంది. రెండోది మీ జేబు చెప్పాలి, మీ వయసు చెప్పాలి. భార్యాభర్తల మధ్య కూడా నూటికి నూరుపాళ్ళు రుజువైన తప్పులు బోలెడు ఉంటాయి, నెలకు వంద రూపాయల విలువ చేసేవి.

ఏదేమైనా రెండు రకాల తప్పులూ తప్పించుకునే మనిషి లేడు. నిజాన్ని అబద్ధమనుకునే తప్పు ఒకటి, అబద్ధాన్ని నిజమనుకునే తప్పు మరొకటి. అనుమానపు మనిషి మొదటిదే రోజూ చేస్తాడు, మెతకమనిషి రెండోది. చేతిలో అంకెలు అవే ఉండగా ఒకటి తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. రెండూ కలిసి తగ్గాలంటే ఇంకొన్ని ట్యాంకులు కొట్టించాలి, ఇంకొన్ని రోజులు చూడాలి. తూనికలు, కొలతల శాఖవాళ్ళు కూడా ప్యాకెట్లను తనిఖీ చేసేటప్పుడు ఒక్క ప్యాకెట్ తూచి ఊరుకోరు. కొన్ని నమూనాలు తీసి సగటు చూస్తారు, విడి ప్యాకెట్‌లో కొంత హెచ్చుతగ్గుకు చోటిస్తారు. బిస్కెట్ ప్యాకెట్‌కు దక్కే ఆ పాటి న్యాయం కొత్తగా చేరిన కుర్రాడికి కూడా దక్కాలి కదా.

ఇక నా సొంత డప్పు సంగతి. "గడువు నెత్తిమీదికొస్తేనే నేను బాగా రాస్తాను" అని ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను. బండిని నిలదీసినవాణ్ణి నన్ను వదిలేస్తే ఎలా? ఎనిమిది వ్యాసాలు రాయాల్సి వచ్చినప్పుడు చీటీలు తీశాను. నాలుగు తీరిగ్గా వారం ముందు, నాలుగు గడువు రాత్రి. ఎనిమిదీ కలిపి, ఏది ఎప్పటిదో చెప్పకుండా, ఓ సంపాదకుడైన మిత్రుడికిచ్చి "బాగున్న నాలుగూ ఏరండి" అన్నాను. నాలుగూ గడువు రాత్రివే అయితే నా గొప్ప ఒప్పుకోవాలి, 70లో ఒక అవకాశం కాబట్టి. కాగితం మీద ముందే రాసి సంతకం పెట్టాను.

ఆయన అటు రెండు, ఇటు రెండు ఏరాడు. బొమ్మాబొరుసూ వేసి ఏరినా సగంసార్లు అలాగే వస్తుంది. ఎనిమిది వ్యాసాలతో నా మాట అబద్ధమని తేలిపోలేదు, మళ్ళీ చేయాలి. కాకపోతే ఆ మాట పైకి అనడం మానేశాను.

ఈసారి బంకుకు వెళ్ళినప్పుడు ట్రిప్ మీటర్ సున్నా చేయండి. అంతకుముందే కాగితం మీద తేదీ, సంతకం పడాలి. టైర్లలో గాలి కూడా చూసుకోండి.